పండగ పూట చేదు నవ్వు

2021 డిసెంబర్ 3న 'సైలెంట్ నైట్' అనే బ్రిటిష్ సినిమా విడుదలైంది. రాసి తీసింది కామిల్ గ్రిఫిన్. కీరా నైట్లీ, మాథ్యూ గూడ్ అందులో భార్యాభర్తలు. ఇంగ్లండ్ పల్లెపట్టున పెద్ద ఇల్లు. క్రిస్మస్ విందుకని పాత మిత్రులంతా పిల్లలతో సహా దిగుతారు. వంటింట్లో హడావిడి, ఎప్పటివో ప్రేమకథల మీద ఎత్తిపొడుపులు, చిన్నపిల్లల నోట బూతులు. కాసేపటి వరకూ ఇది మనకు అలవాటైన పండగ కామెడీయే. తర్వాత అసలు సంగతి కొంచెం కొంచెంగా బయటపడుతుంది. విషవాయువుల తుఫాను దేశం మీదికి వస్తోంది. తెల్లారేసరికి ఎవరూ మిగలరు. నొప్పి తెలియకుండా పోవడానికి ప్రభుత్వం మాత్రలు పంచింది. ఈ విందు వీళ్లందరికీ ఆఖరి విందు. పెద్దవాళ్లంతా ముందే మాట అనుకున్నారు. ఆ ఇంటి పెద్దకొడుకు ఆర్ట్ మాత్రం ఆ మాత్ర మింగనంటాడు.

ఈ సినిమా చూసినవాళ్లు ఏమనుకున్నారో వరసగా చదువుతూ పోతే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అన్నవాళ్లు చాలా తక్కువ. ఇంత ధైర్యంగా పండగ సినిమా ఎవరూ తీయలేదని ఒక వర్గం. రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఇలాంటిదాన్ని కామెడీ అని ఎలా అమ్మారని రెండో వర్గం. ఆ నటులు, ఆ ఇల్లు, ఆ మాటలు నచ్చినవాళ్లు కూడా రెండో వర్గంలో ఉన్నారు. సినిమా బాగా తీయలేదన్నది వాళ్ల ఫిర్యాదు కాదు.

క్రిస్మస్ నేపథ్యంలో వచ్చిన డార్క్ కామెడీలన్నిటి చుట్టూ ఇలాంటి తగాదా ఉంది. అరవై ఏళ్లకు పైగా ఉంది. విమర్శకులు సాధారణంగా దీన్ని పవిత్రతకూ వెక్కిరింపుకూ మధ్య గొడవగా చెబుతారు. పండగను అవమానిస్తే భక్తులకు కోపం వస్తుంది, మిగతావాళ్లు నవ్వుకుంటారు అని. సినిమాలనూ వాటికి వచ్చిన స్పందననూ దగ్గర పెట్టుకుని చూస్తే ఆ వివరణ నిలవదు. ప్రేక్షకులు విడిపోతున్నది ఒక పిల్లవాడి దగ్గర. తెర మీది పిల్లవాణ్ణి సినిమా ఏం చేసింది? తెర ముందు పిల్లవాణ్ణి ఎవరు, ఏం చెప్పి కూర్చోబెట్టారు? ఈ రెండు ప్రశ్నలకు ఒక సినిమా ఇచ్చే జవాబును బట్టే జనం దాన్ని ఏటా తీసి చూస్తారు, లేదంటే ఇంట్లోకి రానివ్వరు.

అసలు క్రిస్మస్ కథలో చీకటి కొత్తగా ఎవరో తెచ్చిపెట్టింది కాదు. 1843లో డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్'లో పిసినారి ముసలాయనను మార్చడానికి దయ్యాలు రావాలి, అతని సమాధి అతనికే చూపించాలి. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' కథానాయకుడు క్రిస్మస్ ముందు రాత్రి వంతెన మీద నిలబడి నదిలోకి చూస్తుంటాడు. ఆ సినిమాను ఇప్పుడు అమెరికాలో పిల్లలతో కలిసి చూస్తారు. చీకటి ఉన్నంత మాత్రాన జనం లేచి వెళ్లిపోరని చెప్పడానికి ఈ రెండు చాలు.

తగాదా అసలు రంగు 1960లో బిల్లీ వైల్డర్ 'ది అపార్ట్‌మెంట్'తో బయటపడింది. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. బీమా కంపెనీలో పనిచేసే చిన్న గుమస్తా బాక్స్‌టర్ ప్రమోషన్ కోసం తన అద్దె ఇంటి తాళంచెవిని పై అధికారులకు ఇస్తుంటాడు, వాళ్ల రహస్య సంబంధాల కోసం. ఆ ఆఫీసులో లిఫ్టు నడిపే అమ్మాయి ఫ్రాన్ అంటే అతనికి ఇష్టం. క్రిస్మస్ పార్టీలో అతని టోపీ ఎలా ఉందో చూసుకోమని ఆమె చేతి అద్దం ఇస్తుంది. అద్దం పగిలి ఉంది. సరిగ్గా అలాంటి పగిలిన అద్దమే అతని ఇంట్లో ఎవరో మరిచిపోతే, అంతకుముందు అతనే తన పెద్ద అధికారి షెల్‌డ్రేక్‌కి తిరిగి ఇచ్చాడు. ఆ చిన్న వస్తువుతో అతనికి అంతా అర్థమైపోతుంది. ఒక్క మాట కూడా అక్కర్లేకపోయింది. అదే రాత్రి షెల్‌డ్రేక్ ఫ్రాన్‌కి పండగ కానుకగా వంద డాలర్ల నోటు తీసి ఇస్తాడు, తర్వాత భార్యాపిల్లల దగ్గరికి వెళ్లిపోతాడు. ఆమె నిద్రమాత్రలు మింగుతుంది. ఇది కామెడీ. ఐదు ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ చిత్రం కూడా ఇదే.

అప్పటి విమర్శకుల్లో కొందరికి ఈ కథ రోతగా అనిపించింది. అంతకంటే నాకు ముఖ్యమనిపించే స్పందన ఒక మామూలు ప్రేక్షకురాలిది. షెల్‌డ్రేక్‌గా వేసిన ఫ్రెడ్ మెక్‌ముర్రే అప్పటికే డిస్నీ వారి కుటుంబ సినిమాలో తండ్రిగా కనిపించాడు. ఈ సినిమా వచ్చాక వీధిలో ఆడవాళ్లు ఆపి తిట్టారని, ఒకామె చేతిసంచీతో కొట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. పిల్లలకు చూపించిన నాన్న ముఖాన్ని తీసుకెళ్లి ఒక అమ్మాయి చేతిలో వంద నోటు పెట్టే మనిషికి తగిలించారు. ఆమెకు కోపం తెప్పించింది తెర మీది పాపం ఒక్కటే అయ్యుండదు. తనకూ తన పిల్లలకూ ఇంతకుముందు ఇచ్చిన మాట తప్పారన్న భావన అందులో ఉంది.

మాట తప్పడం అన్నది 1984లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఏడాది జూన్ 8న 'గ్రెమ్లిన్స్' వచ్చింది. జో డాంటే దర్శకుడు, రచన క్రిస్ కొలంబస్, నిర్మాణం వెనక స్టీవెన్ స్పీల్‌బర్గ్. ప్రచారంలో ముందు కనిపించింది గిజ్మో అనే ముద్దొచ్చే బొచ్చు ప్రాణి. తల్లిదండ్రులు పిల్లల చేతులు పట్టుకుని హాలుకి వచ్చారు. లోపల ఒక అమ్మ తన వంటింట్లోకి దూరిన గ్రెమ్లిన్ భూతాల్లో ఒకదాన్ని మిక్సీలో, ఇంకోదాన్ని మైక్రోవేవ్‌లో వేసి చంపుతుంది. పెద్దలు పగలబడి నవ్వే ఈ దృశ్యానికే పక్కసీట్లో చిన్నవాళ్లు కళ్లు మూసుకునే పరిస్థితి.

అంతకంటే పెద్ద గొడవకు దారితీసింది కేట్ చెప్పే కథ. ఫీబీ కేట్స్ నటించిన ఆ పిల్ల, క్రిస్మస్ అంటే తనకెందుకు పడదో చెబుతుంది. చిన్నప్పుడు ఓ పండగ రాత్రి నాన్న ఇంటికి రాలేదు. రోజులు గడిచాయి. చలికి పొయ్యి వెలిగించబోతే వాసన వచ్చింది. అగ్నిమాపక సిబ్బంది పొగగొట్టంలోంచి తీసింది శాంటా వేషంలో, చేతినిండా కానుకలతో, మెడ విరిగిన నాన్నను. శాంటా లేడని తనకు అలా తెలిసిందంటూ ముగిస్తుంది. స్టూడియోవాళ్లు ఈ సన్నివేశం తీసేయమన్నారు. స్పీల్‌బర్గ్‌కీ నచ్చలేదు, కానీ దర్శకుడి మాటకు విలువిచ్చి ఉంచాడు. డాంటే పట్టుబట్టడానికి కారణం ఉంది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేని ఆ ఒక్క నిమిషంలో సినిమా స్వభావమంతా ఉందని అతని నమ్మకం. కళగా చూస్తే అతని మాటే నిజమని నేనూ అంటాను. ఫీబీ కేట్స్ ఆ మాటలను ఒక్క పిసరు కూడా నవ్వు కలపకుండా చెప్పింది కాబట్టే ఇన్నేళ్లయినా గుర్తుంది.

అయితే శాంటాను నమ్మే ఏడేళ్ల పిల్లను ఆ సీట్లో కూర్చోబెట్టినవాళ్ల బాధ కూడా నిజమే. అప్పట్లో అమెరికాలో తల్లిదండ్రుల విచక్షణకు వదిలే పీజీ సర్టిఫికెట్‌కీ, పెద్దలు వెంట ఉంటేనే పిల్లలను రానిచ్చే ఆర్ సర్టిఫికెట్‌కీ మధ్య ఇంకేమీ లేదు. గ్రెమ్లిన్స్‌కి ఇచ్చింది పీజీ. అంతకు కొన్ని వారాల ముందే వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్' మీద కూడా తల్లిదండ్రులు మండిపడుతున్నారు. మధ్యలో ఒక మెట్టు పెడదామని స్పీల్‌బర్గే సూచించాడు. 1984 జులై 1 నుంచి పీజీ-13 అమల్లోకి వచ్చింది. ప్రేక్షకుల అభిప్రాయం ఒక వ్యవస్థను ఇంత త్వరగా మార్చిన సందర్భాలు సినిమా చరిత్రలో అరుదు. ఇందులో ఎవరూ క్రీస్తు పేరు ఎత్తలేదు, పండగ పవిత్రత పోయిందనలేదు. నా పిల్ల భయపడింది అన్నారు, అంతే.

అదే ఏడాది నవంబర్‌లో 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్' అనే రక్తపాతపు సినిమా వచ్చింది. అందులో హంతకుడు శాంటా వేషం వేసుకుంటాడు. అది కామెడీ కాదు కాబట్టి ఇక్కడ దానికి ఎక్కువ చోటు లేదు. కానీ పిల్లలు చూసే వేళల్లో దాని టీవీ ప్రకటనలు రావడం చూసి తల్లిదండ్రులు హాళ్ల ముందు ధర్నాకు దిగారు. పంపిణీదారులు సినిమాను వెనక్కి తీసుకున్నారు. ధర్నా చేసినవాళ్లకు ఆ సినిమా చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. ప్రకటన వాళ్ల ఇంట్లోకి, పిల్లల ముందుకి వచ్చేసింది.

ఇక 'బ్యాడ్ శాంటా'. 2003 నవంబర్ 26న విడుదలైన ఈ సినిమాకు టెర్రీ జ్వైగాఫ్ దర్శకుడు. గ్లెన్ ఫికారా, జాన్ రెక్వా రాశారు. కోయెన్ సోదరులు కార్యనిర్వాహక నిర్మాతలు. ఏటా ఓ కొత్త ఊళ్లోని పెద్ద దుకాణంలో శాంటా వేషం కట్టి, పండగ ముందు రాత్రి అక్కడి ఇనప్పెట్టె కొల్లగొట్టే తాగుబోతు విల్లీగా బిల్లీ బాబ్ థార్న్‌టన్ నటించాడు. అతని పక్కన శాంటా సహాయకుడి వేషంలో మార్కస్, అంటే టోనీ కాక్స్. ఈ సినిమాలో విల్లీ చేయని చెడ్డపని దాదాపు లేదు. పిల్లలు ఒళ్లో కూర్చుని కోరికలు చెప్పుకునే వేళకి తాగి తూలుతుంటాడు. నోరు తెరిస్తే బూతు. పండగను అవమానించడమే కొలబద్ద అయితే, ఇంతకంటే మించి అవమానించిన సినిమా దొరకదు.

అయినా ఈ సినిమాను జనం దగ్గరికి తీసుకున్నారు. సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 7 కోట్ల 60 లక్షల దాకా వచ్చింది. అంతకంటే పెద్ద మాట, ఏటా డిసెంబర్‌లో దీన్ని తీసి చూసే ఇళ్లు ఉన్నాయి. ఎందుకని అడిగితే అభిమానులందరూ వేలు చూపించేది థర్మన్ వైపు. బ్రెట్ కెల్లీ వేసిన ఆ బొద్దు కుర్రాడి తండ్రి జైల్లో ఉన్నాడు. ఇంట్లో మతి సరిగా లేని నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. బడిపిల్లలు ఏడిపిస్తుంటారు. ఈ తాగుబోతే శాంటా అని నమ్మి ఇంటికి తీసుకుపోతాడు. వాణ్ణి విల్లీ తిట్టని తిట్టు లేదు, కానీ ఆ తిట్లు వాడికి అంటవు. అదే కెల్లీ నటనలోని రహస్యం. ఏడుపు మొహం పెట్టడు, జాలి అడగడు, అడిగిందే మళ్లీ అడుగుతాడు.

రెండు చోట్ల మాత్రం సినిమా చాలా దగ్గరగా వచ్చి చూపిస్తుంది. క్రిస్మస్ దాకా రోజుకొక గూడు తెరిచి అందులోని చాక్లెట్ తినే క్యాలెండర్ ఆ పిల్లాడికి ఉంది. తాగిన మత్తులో విల్లీ దాన్ని చింపి చాక్లెట్లన్నీ తినేస్తాడు. తెల్లారాక సిగ్గుపడి ముక్కలు అతికించి, గూళ్లలో చేతికి దొరికిందేదో కుక్కుతాడు. తెరిచిన పిల్లాడు అది తనకు రావలసిందే అన్నట్టు తీసుకుంటాడు. రెండోది, పిల్లాడు విల్లీకి ఇచ్చే కానుక. కొయ్యను చెక్కి దోసకాయ ఊరగాయ ఆకారం చేస్తాడు. చెక్కేటప్పుడు చెయ్యి తెగి దాని మీద రక్తం పడుతుంది. జీవితంలో విల్లీ చేతికి వచ్చిన మొదటి నిజమైన కానుక అదేనేమో అనిపిస్తుంది. చివర్లో పిల్లాడు అడిగిన గులాబీ రంగు ఏనుగు బొమ్మ పట్టుకుని, వెనక పోలీసులు కాలుస్తుంటే, ఆ ఇంటి గుమ్మం వైపే పరిగెత్తుతాడు.

నచ్చనివాళ్ల మాట కూడా వినాలి. పిల్లాడి ఒంటరితనాన్ని నవ్వులకు ఎర వేశారని వాళ్లంటారు. సినిమా మొదటి సగానికి ఈ మాట వర్తిస్తుందని ఒప్పుకోవాలి. దుకాణం సన్నివేశాల్లో కొన్నిటికి బూతు తప్ప ఆధారం లేదు. ఈ సినిమాకు మూడు కూర్పులున్నాయి. హాళ్లలో ఆడింది ఒకటి, బూతులూ సన్నివేశాలూ పెంచి డిస్కు మీద వచ్చింది రెండోది, తర్వాత జ్వైగాఫ్ తన ఇష్టప్రకారం కుదించి ఇచ్చింది మూడోది. దర్శకుడి కూర్పు అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే చేదైనది. మెత్తని ఘట్టాలు అందులో తగ్గాయి. సాధారణంగా దర్శకుడి కూర్పునే అసలైనదిగా ఎంచడం సినిమా ప్రియుల అలవాటు. ఇక్కడ హాళ్లలో ఆడినదాన్నే నేను ఎంచుకుంటాను. విల్లీకీ పిల్లాడికీ మధ్య ఆ నాలుగు మెత్తని నిమిషాలు లేకపోతే చివరి పరుగుకి బలం చాలదు.

2016లో వచ్చిన రెండో భాగం ఈ వాదనకు గట్టి సాక్ష్యం. థార్న్‌టన్, కాక్స్, కెల్లీ ముగ్గురూ మళ్లీ ఉన్నారు, విల్లీ తల్లిగా క్యాథీ బేట్స్ వచ్చింది, బూతులు ఇంకా పెరిగాయి. కానీ థర్మన్‌కి ఇప్పుడు ఇరవై ఒక్కేళ్లు. పిల్లవాడి అమాయకత్వం అనిపించింది ఎదిగిన మనిషిలో వెక్కిరింతకు సరుకైపోయింది. పెట్టిన డబ్బు కూడా సరిగా తిరిగి రాలేదు. అవే నోళ్లు, అవే తిట్లు, కాపాడాల్సిన బిడ్డ మాత్రం లేడు.

పిల్లల ఊసు పెద్దగా లేని సినిమాలకు ఏమైందో కూడా చూద్దాం. 1994లో టెడ్ డెమ్మి తీసిన 'ది రెఫ్'లో పండగ రాత్రి ఒక దొంగ భార్యాభర్తలను బందీలుగా పట్టుకుని, వాళ్ల పోట్లాటలు భరించలేక తానే మధ్యవర్తి అవుతాడు. మాటలు పదునుగా ఉంటాయి, జూడీ డేవిస్ నటన గొప్పది. కానీ దాన్ని విడుదల చేసింది మార్చిలో. వసంతం ముంగిట క్రిస్మస్ చెట్టు చూడటానికి ఎవరొస్తారు? 2005లో హరాల్డ్ రేమిస్ తీసిన 'ది ఐస్ హార్వెస్ట్' సరైన నెలలోనే వచ్చినా ఆడలేదు. మంచు పేరుకున్న కాన్సస్‌లో దొంగసొమ్ము చుట్టూ ఒకరినొకరు మోసం చేసుకునే పెద్దమనుషులు. రెండు సినిమాలకూ ఇప్పుడు గట్టి అభిమానులున్నారు. రెండిటి మీదా పెద్ద గొడవ మాత్రం ఎప్పుడూ జరగలేదు. పెద్దవాళ్లు పెద్దవాళ్లను ఏం చేసుకున్నా ప్రేక్షకుడు నచ్చింది, నచ్చలేదు అనేసి ముందుకు వెళ్లిపోతాడు.

'ఇన్ బ్రూజ్' అలా వెళ్లిపోనివ్వదు. నాటకకర్తగా పేరు పొందిన మార్టిన్ మెక్‌డోనా 2008లో తీసిన సినిమా ఇది. (చివర ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను. చూడనివాళ్లు రెండు పేరాలు దాటేయవచ్చు.) ఇద్దరు కిరాయి హంతకులను వాళ్ల యజమాని హ్యారీ క్రిస్మస్ రోజుల్లో బెల్జియంలోని బ్రూజ్ నగరానికి పంపిస్తాడు. పెద్దవాడు కెన్, అంటే బ్రెండన్ గ్లీసన్, ఆ మధ్యయుగపు వీధులు చూసి మురిసిపోతాడు. చిన్నవాడు రే, అంటే కాలిన్ ఫారెల్, ఆ ఊరిని తిట్టని క్షణం ఉండదు. చాలాసేపు ఆ తిట్లకే నవ్వుతాం. ఆ తర్వాత కారణం తెలుస్తుంది. రే ఒక పాదిరీని కాల్చినప్పుడు తూటా దూసుకెళ్లి వెనకున్న చిన్నపిల్లాడికి తగిలింది. పాపాలు ఒప్పుకోవడానికి వరసలో ఉన్న ఆ పిల్లాడి చేతిలో చీటీ ఉంది. తాను చేసిన తప్పులు రాసుకొచ్చాడు. ముభావంగా ఉండటం, లెక్కల్లో వెనకబడటం, దిగులుగా ఉండటం. అంతే ఆ జాబితా.

ఆ చీటీ చదివేటప్పుడు మెక్‌డోనా ఒక్క హాస్యమూ పడనివ్వడు. ఆ తర్వాత కథంతా దాని బరువు మీదే నడుస్తుంది. పిల్లాణ్ణి చంపినవాడు, పొరపాటునైనా సరే, బతకకూడదన్నది హ్యారీ నియమం. చివర్లో బడిపిల్లాడి దుస్తుల్లో ఉన్న పొట్టి నటుడు ఒకడు తన తూటాకి చనిపోతే, పిల్లాణ్ణే చంపాననుకుని హ్యారీ తన నియమం ప్రకారం తనను తాను కాల్చుకుంటాడు. ప్రేక్షకుల ఫిర్యాదులు ఇక్కడా ఉన్నాయి. పొట్టివాళ్ల మీద, లావుగా ఉన్న అమెరికన్ల మీద విసిరిన మాటలు మోటుగా ఉన్నాయని. అవి మోటుగానే ఉన్నాయి, కొన్ని లేకపోయినా కథకు నష్టం లేదు. కానీ ఈ సినిమా ఆ పిల్లాడి చావును తేలిక చేసిందని ఎవరూ అనగా నేను చదవలేదు. ఫారెల్‌కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఈ వరసలో అత్యుత్తమ సినిమా ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు మళ్లీ 'సైలెంట్ నైట్' దగ్గరికి. దీని మీద ఒక అదనపు గొడవ నడిచింది. సినిమా వచ్చిన సమయానికి ప్రపంచమంతా కోవిడ్ టీకాల గురించి మాట్లాడుతోంది. ప్రభుత్వం ఇచ్చిన మాత్రను శాస్త్రవేత్తల మాట నమ్మి అందరూ మింగుతుంటే, వద్దన్న పిల్లాడు చివరి షాట్‌లో కళ్లు తెరుస్తాడు. దీంతో ఇది టీకాలకు వ్యతిరేకంగా తీసిన సినిమా అని కొందరు కోప్పడ్డారు, అందుకే బాగుందని కొందరు మెచ్చుకున్నారు. మహమ్మారి రాకముందే రాసుకున్న కథ ఇదని దర్శకురాలు చెప్పింది. ఆమె మాట నమ్మడానికి సినిమాలోనే ఆధారముంది. కాగితాల్లేకుండా దేశంలో ఉంటున్నవాళ్లకూ ఇల్లులేనివాళ్లకూ ఆ మాత్రలు ఇవ్వలేదని తెలిసి ఆర్ట్ నిలదీస్తాడు. ఈ కథకు కోపం డబ్బున్నవాళ్ల సౌకర్యం మీద, భూమిని ఈ గతికి తెచ్చి చివరికి పిల్లలను కూడా సర్దుకుపొమ్మనే తరం మీద. అయినా, చూసినవాళ్లను తప్పు పట్టలేం. నెలల తరబడి ఇంట్లో బందీగా గడిపిన మనిషికి మాత్ర కనిపిస్తే టీకా గుర్తుకు రావడం సహజం.

ఆ గొడవను పక్కన పెట్టినా సినిమాలో ఒక చీలిక మిగిలి ఉంది. విందు సగం విలాసమైన కామెడీ. రెండో సగంలో తల్లిదండ్రులే తమ పిల్లలకు తమ చేతులతో మాత్ర ఇవ్వాలి. ఆర్ట్ ఇంట్లోంచి పారిపోయి, దారిలో ఆగిన కారులో ఒక కుటుంబం అంతా చనిపోయి ఉండటం చూస్తాడు. ఆ పాత్ర వేసిన రోమన్ గ్రిఫిన్ డేవిస్ దర్శకురాలి సొంత కొడుకే, అంతకుముందు 'జోజో రాబిట్'లో నటించినవాడు. ఆ వయసులో అంత నిజాయితీగా వాదించే నటన అరుదు. వాడు ఎంత నిజంగా వాదిస్తే పక్కన పెద్దవాళ్ల చమత్కారాలు అంత డొల్లగా వినిపిస్తాయి. దర్శకురాలు కోరుకున్నది అదే కావచ్చు. మెచ్చుకున్నవాళ్లు కూడా ఆ డొల్లతనాన్నే మెచ్చుకున్నారు. కానీ నచ్చనివాళ్లు చెప్పేది కొట్టిపారేయలేను. 'ఇన్ బ్రూజ్'లో పిల్లాడి విషయం తెలిశాక సినిమా అతని పక్షాన నిలుస్తుంది. 'బ్యాడ్ శాంటా'లో విల్లీ ఆలస్యంగానైనా నిలుస్తాడు. ఇక్కడ ఆర్ట్ పక్షాన పెద్దవాళ్లెవరూ చివరి దాకా గట్టిగా నిలబడరు. వాడు కళ్లు తెరిచేసరికి సినిమా అయిపోయింది. ఆ ముగింపు తెలివైనదే, వాడికి మాత్రం ఏమీ ఇవ్వదు.

తెలుగు ప్రేక్షకుడి సంగతేమిటి? ఓటీటీలు వచ్చాక ఈ సినిమాలన్నీ మన ఇళ్లలోకీ వచ్చాయి. మన క్రిస్మస్ వేరు. ఇంటి మీద వెలిగే నక్షత్రం, రాత్రి ఇల్లిల్లూ తిరిగి పాడే కెరోల్స్, చర్చిలో ఆరాధన, కొత్తబట్టలు, పిండివంటలు, బిరియానీ. పొగగొట్టంలోంచి దిగే శాంటా మన పండగకు నడిబొడ్డు కాదు. అందుకే, నేను విన్నంతలో, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో 'బ్యాడ్ శాంటా' మీద వచ్చే అభ్యంతరం దైవదూషణ గురించి కాదు. పిల్లాడి ముందు ఆ తాగుడేమిటి, ఆ మాటలేమిటి అంటారు. అమెరికాలో 1984 నాటి తల్లుల ఫిర్యాదూ పిల్లల గురించే.

పండగకు విడుదలయ్యే సినిమా అంటే ఇంటిల్లిపాదీ చూసేదన్న లెక్క మనకు బలంగా ఉంది. అలాంటిచోట 2019 డిసెంబర్ 25న రితేష్ రాణా తీసిన 'మత్తు వదలరా' వచ్చింది. డెలివరీ కుర్రాడు, అనుకోకుండా ఎదురైన శవం, దాని చుట్టూ నవ్వులు. పెద్ద తారలు లేకుండానే నిలబడింది, 2024లో రెండో భాగం కూడా వచ్చింది. మన ప్రేక్షకులకు శవం పక్కన నవ్వడం చేతకాదన్న మాట దీంతో తేలిపోయింది. ఆ కథలో ప్రమాదంలో పడ్డ పసివాడు లేడన్నది కూడా గమనించాలి. ఇక శ్రీరామ్ రాఘవన్ 'మెర్రీ క్రిస్మస్' ఫ్రెడెరిక్ డార్ ఫ్రెంచి నవల ఆధారంగా, పాత బొంబాయిలో ఒక క్రిస్మస్ రాత్రి నడిచే కథ. మాట్లాడని కూతురితో కత్రినా కైఫ్, ఊరికి తిరిగొచ్చిన మనిషిగా విజయ్ సేతుపతి, ఇంట్లో ఒక శవం. హిందీలో, తమిళంలో విడివిడిగా తీశారు. విడుదల చేసింది 2024 జనవరి 12న. అదే రోజు తెలుగు హాళ్లలో 'గుంటూరు కారం', 'హను-మాన్' ఉన్నాయి. సంక్రాంతి సంబరంలో క్రిస్మస్ రాత్రి కథను ఎవరు పట్టించుకుంటారు? 'ది రెఫ్'కి మార్చిలో పట్టిన గతే దీనికీ పట్టింది. ఇంట్లో తీరిగ్గా చూసినవాళ్లలో దీన్ని మెచ్చుకున్నవాళ్లే నాకు ఎక్కువగా తగిలారు.

మన దగ్గర సర్టిఫికెట్ల పద్ధతి కూడా మారింది. 2024 నవంబర్ నుంచి సెన్సార్ బోర్డు యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టింది. ఓటీటీల్లో ఈ వయసు గుర్తులు 2021 నాటి నిబంధనలతోనే వచ్చాయి. గ్రెమ్లిన్స్ నాటి అమెరికా తల్లిదండ్రులకు లేని వెసులుబాటు ఇది. కానీ సినిమా మొదలైన మొదటి క్షణాల్లో మూలన కనిపించి మాయమయ్యే ఆ అంకెను ఎంతమంది చూస్తున్నారు? పోస్టర్ మీద ఎర్రటోపీ, మంచు, దీపాలు ఉంటే పిల్లల సినిమా అనుకోవడం మనకూ అలవాటే. ఎర్రటోపీ ఏ హామీ ఇవ్వదు. ఈ డిసెంబర్‌లో ఇలాంటి సినిమా ఏదైనా పెట్టే ముందు ఆ అంకె చూడండి. పిల్లలు ఉంటే 'బ్యాడ్ శాంటా', 'సైలెంట్ నైట్', 'ఇన్ బ్రూజ్' మూడూ పక్కన పెట్టండి. పెద్దవాళ్లే ఉంటే 'ఇన్ బ్రూజ్'తో మొదలుపెట్టండి. చూశాక నలుగురితో మీ అభిప్రాయం చెప్పేటప్పుడు బాగుంది, బాలేదు అని ఆపేయకండి. మీ నవ్వు ఏ సన్నివేశం దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో చెప్పండి. తర్వాత చూడబోయేవాళ్లకు పనికొచ్చేది ఆ ఒక్క మాటే.